ఆశీర్వాదం కాకముందు

"పట్టుకో," అంది రెబెక్కమ్మ. "గట్టిగా పట్టుకో. వదలబాక."

చిన్నపోలయ్య ప్రార్థన గుడి తలుపుకున్న గొళ్ళేన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నాడే గానీ, ఎందుకు పట్టుకున్నాడో తెలియక తల్లి మొహంలోకి చూశాడు.

"ఇది పట్టుకుంటే ఏమొస్తాది మా?"

"నిన్నెవురూ తాకగూడదు. అది చట్టం. టీచరమ్మ పిల్లోళ్ళకి చెప్తా ఉంటే నా చెవులతో విన్నా."

ఎండ ఇంకా ఎక్కలేదు. కాలవ గట్టు మీద హజరత్తయ్య కనిపించాడు. వెనకాల చేతికర్రలతో నలుగురు మనుషులు. వాళ్ళు పరుగెత్తడం లేదు. పారిపోయే దారి లేనివాడి దగ్గరికి పరుగెత్తే పనేముంది? గట్టు దిగి, చెప్పులకంటిన బురద రాతికి రుద్దుకుని, తీరిగ్గా వస్తున్నారు. అది చూసి రెబెక్కమ్మ గొళ్ళెం మీదున్న కొడుకు చేతిమీద తన చెయ్యి కూడా వేసి నిలబడింది.

తాటిదిన్నెలో పాలేళ్ళకి ఏడాది ఉగాదితో మొదలై ఉగాదితో ముగుస్తుంది. ఆ పొద్దున పెంచలరెడ్డి గారి కల్లంలో పాలేళ్ళంతా తలగుడ్డలు తీసి వరసగా నిలబడాలి. ఒక్కొక్కడూ రెండు చేతులూ దగ్గరగా చేర్చి ముందుకు చాపాలి. రెడ్డి ఆ చేతుల్లో ముల్లుగర్ర పెట్టి, పైనుంచి తన రెండు చేతులతో మూసి, "ఈ ఏడు నువ్వు నావోడివి" అంటాడు. అంతే. ఎద్దుల్ని పొడిచే ఆ కర్ర చేతికొచ్చాక మళ్ళీ ఉగాది దాకా మనిషి ఆ ఇంటివాడే. ఉగాదినాడైనా చాపననే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్ళ గుడిసెలున్న దిబ్బ రెడ్డిది, నీళ్ళు తెచ్చుకునే బావి రెడ్డిది, ఆడవాళ్ళు నాట్లు వేసే కయ్యలు రెడ్డివి. ఒక్క గంగులయ్య మాత్రం ఒక ఏడు చాపనన్నాడు. కల్లంలోనే బండి చక్రానికి పొద్దు గూకేదాకా కట్టేశారు. ఆ తర్వాత చాపాడు. ఆ రోజు నుంచి గంగులయ్య నలుగురిలో నోరు విప్పి మాట్లాడింది లేదు.

మొన్న ఉగాదికి చిన్నపోలయ్య వంతు వచ్చినప్పుడు వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "రెడ్డీ, నేను బిట్రగుంట రైలు షెడ్డులో బొగ్గు పనికి పోతా ఉండా. సోమవారం రమ్మన్నారు," అన్నాడు. పెంచలరెడ్డి నవ్వాడు. "పండగ పూట ఎందుకులేరా. ఆదివారం మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ నవ్వు అర్థం కానివాడు అక్కడ ఎవడూ లేడు.

చిన్నపోలయ్యకి తన దారి తనకుంది. శనివారం సముద్రం పాటుకి నీళ్ళు తగ్గినప్పుడు ఉప్పుటేరు దాటేసి, జువ్వలదిన్నెలో ముత్యాలయ్య ఇంట్లో ఒక పగలు దాక్కుని, సోమవారానికి చుట్టుదారిన బిట్రగుంట చేరాలనుకున్నాడు. ముత్యాలయ్య చేపలు పట్టే పల్లెకారులవాడు, వాడితో కలిసి పీతలు పట్టిన స్నేహితుడు. వస్తే దాస్తానన్నాడు కూడా. ఆపింది రెబెక్కమ్మ. "దొంగమాదిరి నీళ్ళలో పడి పోయేదెందుకు? నువ్వేం తప్పు చేసినావని? ఆదివారం గుడికి పా. నిన్ను తాకే మొగోడు ఉండడు," అంది. తల్లి అంత గట్టిగా మాట్లాడడం వాడు ఎన్నడూ వినలేదు. నమ్మి ఆగిపోయాడు.

ఆమె నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆ గుడిలోనే పుట్టింది. ఆదివారం గుడి, మిగతా రోజుల్లో బడి. ఊడ్చేది, నీళ్ళు పట్టేది, పిల్లలకి గంజి కాచేది రెబెక్కమ్మ. మొగుడు పోయినప్పటి నుంచీ ఆ పనే ఆమెకి తిండి. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం తలుపు పక్కన చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళేరుతూ కరుణాకుమారి టీచరు చెప్పే పాఠం విన్నది. టీచరు ఒంగోలు నుంచి వచ్చిన పిల్ల. సన్నగా ఉంటుంది, పాఠం చెప్పేటప్పుడు మాత్రం గొంతు ఊరవతలకి వినిపిస్తుంది.

"ఐరోపాలో నేలంతా రాజుది," అని చెబుతోంది టీచరు. "రాజు ప్రభువులకి పంచిపెట్టాడు. ప్రభువు కింద చిన్న ప్రభువు. అందరికంటే కింద దున్నేవాడు. దున్నేవాడు ఆ నేల విడిచి ఎక్కడికీ పోకూడదు. ప్రభువు సెలవు లేకుండా పిల్లకి పెళ్ళి కూడా చెయ్యకూడదు. గింజలు ప్రభువు మరలోనే ఆడించుకోవాలి, రొట్టె ప్రభువు పొయ్యిలోనే కాల్చుకోవాలి. చిన్న ప్రభువు పెద్ద ప్రభువు ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చేర్చి చాపుతాడు. పెద్ద ప్రభువు ఆ చేతుల్ని తన చేతుల మధ్య పెట్టుకుంటాడు. నేను నీ మనిషినని వాడు ఒట్టు పెట్టుకోవాలి."

ముందు వరసలో ఒక ఆడపిల్ల ఫక్కున నవ్వింది. "మా రెడ్డి తాత ఆ దేశం గూడా పోయినాడా టీచరమ్మా?"

పిల్లలంతా గొల్లుమన్నారు. టీచరు కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. తర్వాత గుడి సంగతి చెప్పింది. ఆ దేశపు పల్లెల్లో గుడి గంట కొడితేనే పొద్దు, గంట కొడితేనే సాయంత్రం. పండిన పది కట్టల్లో ఒకటి గుడికి పోవాలి. అయితే గుడికొక అధికారం ఉంది. ప్రభువు కోపానికి భయపడి పారిపోయి వచ్చినవాడు గుడి తలుపుకున్న ఇనుప కడియాన్ని పట్టుకుంటే చాలు, ప్రభువు మనుషులు వాణ్ణి తాకకూడదు. తాకితే గుడి వాళ్ళని వెలేస్తుంది.

రెబెక్కమ్మ రాళ్ళేరడం మానేసింది. "టీచరమ్మా, ఆ జనం ఏం తింటారు?"

"నల్ల రొట్టె తింటారు రెబెక్కక్కా. బఠానీల గంజి. శుక్రవారమైతే చేప."

"ఎండు చేపా?"

"ఉప్పు చేపే."

"అయితే మనోళ్ళే," అంది రెబెక్కమ్మ. పిల్లలు మళ్ళీ నవ్వారు. ఇంతలో ఎసరు పొంగింది. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. పాఠం తక్కిన భాగం వినలేదు. వినాలని కూడా అనుకోలేదు, కావలసింది విన్నది. సర్కారు అచ్చేయించిన పుస్తకంలో ఉన్నది చట్టం కాకపోతే మరేమవుతుంది? ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎవరూ తమతో చెప్పలేదు, అంతే అనుకుంది. ఆ సాయంత్రం గుడి తలుపు వెతికింది. కడియం లేదు, గొళ్ళెం ఉంది. ఇనుముదే కదా అని తృప్తిపడింది.

ఇప్పుడు హజరత్తయ్య ఆ గొళ్ళెం వైపే చూస్తున్నాడు. అతను రెడ్డి గారి పెద్దపాలేరు. యాభై దాటినా మనిషి తుమ్మమొద్దులా ఉంటాడు.

"ఏందిరా పోలిగా, గొళ్ళేనికి ఏలాడతా ఉండావు? ఊడొచ్చిందనుకో, కొత్తదానికి అయ్యగారు మళ్ళీ మా రెడ్డినే అడుక్కోవాల."

వెనకున్న నలుగురూ నవ్వారు.

"తాకబాక హజరత్తన్నా," అంది రెబెక్కమ్మ. "గుడి తలుపు పట్టుకున్నోణ్ణి తాకితే నేరం."

"ఎవురు జెప్పినారు మే నీకు?"

"పుస్తకంలో ఉండాది."

ముందుకు చాపిన హజరత్తయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అతనికీ చదువు రాదు. ఏ పుస్తకమో, అందులో ఏముందో ఎవరికి తెలుసు? అంతలో గుడిలో ప్రార్థన చేయించే దేవసహాయం అయ్యగారు తాళంచెవి పట్టుకుని వచ్చారు. ఆయన వెనకే ప్రార్థనకొచ్చే జనం ఇద్దరూ ముగ్గురూగా దిబ్బ దిగి వస్తున్నారు. హజరత్తయ్య జనాన్ని చూశాడు, తన నలుగుర్నీ చూశాడు. కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"రెడ్డి పిలుచుకు రమ్మన్నాడు అయ్యగారూ వీణ్ణి."

"ప్రార్థన వేళయింది, హజరత్తయ్యా," అన్నారు అయ్యగారు, నేలకేసి చూస్తూ.

"కానీండి. మీ దేవుడి పనికి మేమెందుకు అడ్డం? ఆశీర్వాదం అయిందాకా వాడి జోలికి రాం. ఇది రెడ్డి మాటే అనుకోండి. ఆశీర్వాదం అయినాక మాత్రం వాడు మావోడు." అందరూ వినేట్టు అని, వెళ్ళి గుడికెదురుగా తాటిచెట్ల నీడలో కూర్చున్నాడు. మిగతా నలుగురూ గుడి చుట్టూ నాలుగు మూలలకీ పోయారు.

రెబెక్కమ్మ కొడుకుని లోపలికి తీసుకుపోయి, చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. చూశావా అన్నట్టు వాడి మోకాలు తట్టింది. చట్టం పని చేసింది.

పాట మొదలయింది. కరుణాకుమారి టీచరు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. బయటి మనుషుల్ని చూసింది, చిన్నపోలయ్యని చూసింది. పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని ఏం జరిగిందని అడిగింది. రెబెక్కమ్మ గుసగుసగా చెప్పింది. వింటూ వింటూ టీచరు పాటల పుస్తకం ఒళ్ళో పెట్టేసింది.

"రెబెక్కక్కా," అంది చివరికి. "ఆ చట్టం ఇక్కడిది కాదు. వేరే దేశానిది. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటిది. ఇప్పుడు ఆ దేశంలో కూడా లేదు."

"పుస్తకంలో ఉండాదే."

"జరిగిపోయిన సంగతులు చెప్పే పుస్తకం అక్కా అది. మన దేశంలో అంతకన్నా మంచి చట్టముంది. ఎవరూ ఎవరి చేతా బలవంతాన పని చేయించకూడదని. కానీ దాన్ని అమలు చేసేవాళ్ళు నెల్లూరులో ఉన్నారు. ఈ గట్టు మీద ఉన్నది హజరత్తయ్య."

రెబెక్కమ్మకి కాసేపు పాట వినిపించలేదు. ఏరు దాటేసి పోయే బిడ్డని తనే చెయ్యిపట్టి తెచ్చి బోనులో పెట్టింది. నాలుగు మూలలా నలుగురు. ఒకటే తలుపు. ఆమె కొడుకు వైపు చూసే ధైర్యం లేక తలుపు వైపు చూసింది. తాటిచెట్ల కింద హజరత్తయ్య చుట్ట ముట్టిస్తున్నాడు.

అయ్యగారు ఆ రోజు వాక్యం చెప్పడం చాలా తొందరగా ముగించారు. ఆయన భయం అందరికీ తెలిసిందే. ఈ గుడి కట్టుకున్న స్థలం పెంచలరెడ్డి తాత ఇచ్చింది. దూలాలు రెడ్డి తోటలోవి. క్రిస్మసుకి రెడ్డి వస్తే కూర్చునేందుకు ఒక కుర్చీ ఏడాది పొడుగునా గుడ్డ కప్పి మూలన ఉంటుంది. అయ్యగారు చెమట తుడుచుకుని, "ఇంక సాక్ష్యాలు. ఎవరైనా ఉంటే క్లుప్తంగా చెప్పండి. తర్వాత ఆశీర్వాదం ఇచ్చి ముగించుకుందాం," అన్నారు.

ఆ గుడిలో ఒక వాడుక ఉంది. దేవుడు తనకి చేసిన మేలు చెప్పుకోవాలని లేచినవాళ్ళని ఎవరూ కూర్చోమనకూడదు. వాళ్ళు ముగించేదాకా ఆశీర్వాదం లేదు. రెబెక్కమ్మ ఎన్నడూ లేచినది కాదు. ఈసారి లేచింది. లేచాక ఏం చెప్పాలో తోచలేదు.

"ఈ బిడ్డ పుట్టింది కోతలప్పుడు," అంది. "మొలగొలుకుల వరి కయ్యలో. గట్టు మీద పండుకోబెట్టి మళ్ళీ కొడవలి పట్టినా. చీమలు పట్టలేదు వీణ్ణి. అది దేవుడి మేలు. వాళ్ళ నాయన పోయినప్పుడు వీడు నా మోకాళ్ళంత. ఏడవలా. నా కొంగు పట్టుకుని నిలబడ్డాడు. అదీ మేలే." ఇంకా ఏదో చెప్పబోయింది. గుడి అంతా కలియజూసి, ఆఖరికి ఆడవాళ్ళ వరసలో లావుపాటి మగ్దలీనమ్మ మీద చూపు నిలిపింది. "నాకు మాట్లాడడం రాదు వదినా," అంది. "నీకు వచ్చు."

మగ్దలీనమ్మ సాక్ష్యమంటే ఊరంతా హడలు. ఆమె లేస్తే పిల్లలు నిద్రపోతారు, మగవాళ్ళు చుట్టలకని బయటికి జారుకుంటారు. క్లుప్తంగా అన్న మాట అయ్యగారు ఆమెని చూసే నేర్చుకున్నారంటారు. ఆమె రెబెక్కమ్మని చూసింది, చిన్నపోలయ్యని చూసింది, తలుపు బయటికి చూసింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నేను పుట్టింది కొడవలూరు దగ్గిర," అని మొదలుపెట్టింది.

కొడవలూరు నుంచి పెళ్ళికి రావడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. పెళ్ళిబండి ఇరుసు దారిలో విరిగింది. ఆ ఇరుసు చేసిన వడ్రంగి సంగతి, వాడి రెండో పెళ్ళి సంగతి చెప్పింది. అత్త చచ్చేదాకా పెట్టిన ఆరళ్ళు ఒక్కొక్కటీ చెప్పింది. పొదుగు వాచిన గేదెకి ప్రార్థన చేస్తే తగ్గిందో, పసుపు రాస్తే తగ్గిందో తనకిప్పటికీ తెలియదని ఒప్పుకుంది. బయట ఎండ మండుతోంది. తాటినీడ జరిగేకొద్దీ హజరత్తయ్యా జరుగుతున్నాడు. కిటికీ దగ్గర కాపలా ఉన్న కుర్రాడు లోపలికి తల పెట్టి, "ఆ గేదె ఈనిందా లేదా పెద్దమ్మా?" అని అడిగాడు.

"వస్తా ఉండా నాయనా, ఆడికే వస్తా ఉండా. తొందరపడబాక."

జనం నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది. చంటిపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అయ్యగారు రెండుసార్లు లేవబోయారు.

"మగ్దలీనమ్మా, చాలమ్మా. ముగించు."

"ఎట్టా ముగించేది అయ్యగారూ? నేనింకా మారుమనసు పొందందే?"

ఆమె గొంతు బొంగురుపోయాక మరొకామె లేచింది. తర్వాత ఇంకొకామె. రెబెక్కమ్మ ఒక్కొక్క మాటనీ పట్టుకుని వేళ్ళాడుతోంది. ఎవరైనా ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే ఆమె ఊపిరీ ఆగుతోంది. కానీ ఎంతసేపు? పొద్దు గూకేదాకా మాట్లాడినా ఆఖరున ఆశీర్వాదం ఉండనే ఉంది.

"మా, నేను లేచి పోతా," అన్నాడు చిన్నపోలయ్య మెల్లగా. "నా మూలంగా ఈళ్ళంతా ఎందుకు? ఒక్కరోజు కట్టేస్తారు, అంతే గదా."

"నోర్ముయ్."

బయట బండి చప్పుడయింది. ఎద్దుల మెడలో గంటలు ఆగిపోయాయి. సాక్ష్యం చెబుతున్నామె మాట మధ్యలో కూర్చుండిపోయింది. గుమ్మంలో పెంచలరెడ్డి నిలబడ్డాడు. తెల్లటి పంచె, భుజాన ఉత్తరీయం. ముల్లుగర్ర అతని చేతిలోనే ఉంది.

"ఏం అయ్యగారూ, ఇయ్యాల దేవుడికి చెప్పుకునే మాటలు శానా ఉన్నట్టున్నాయే," అన్నాడు నవ్వుతూ. "నేనూ వింటాను. కానీండి."

మూలనున్న కుర్చీ తీసి వెయ్యాలని కూడా ఎవరికీ తోచలేదు. లేచే ఆడవాళ్ళు అయిపోయారు. అయ్యగారు రెండు చేతులతో బల్లని పట్టుకున్నారు. ఆయన కుడిచెయ్యి ఆశీర్వాదానికి లేవబోతోందని రెబెక్కమ్మకి తెలిసిపోయింది. ఆ చెయ్యి బల్ల వదిలి పైకి లేచింది కూడా.

"నేను చెప్పాల," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆ గొంతు ఎవరిదో చాలామందికి తెలియలేదు. తిరిగి చూస్తే గోడకి ఆనుకుని గంగులయ్య. అయ్యగారి చెయ్యి కిందికి దిగింది.

"నన్ను బండి చక్రానికి కట్టేసినారు," అన్నాడు గంగులయ్య. ఎవరి వైపూ చూడడం లేదు. "దాహమయింది. నీళ్ళు అడగలా. అడిగుంటే రెడ్డి ఇచ్చేవోడే. చెడ్డోడు కాదు. నాకే అడగబుద్ధి కాలా. పొద్దు గూకినాక చాపతానన్నా. కట్లిప్పినారు. చేతులు ముందుకు రాలా, తిమ్మిరెక్కి పడిపోయినాయి. ఈ హజరత్తే నా చేతులు పట్టుకుని చాపించినాడు." తన అరచేతులు చూసుకున్నాడు. ఇంక చెప్పడేమో అనుకున్నారు. "మీరంతా ప్రార్థనలో చేతులెత్తుతారు. నేను ఎత్తలా. ఎత్తితే మళ్ళీ చాపినట్టే ఉంటాది. దేవుడికి కోపమొచ్చిందో ఏమో తెలీదు. అదే నా సాక్ష్యం. మేలు మాత్రం ఏమీ కనబడలా."

కూర్చున్నాడు. తాటిచెట్ల కిందనుంచి లేచి వచ్చిన హజరత్తయ్య, రెడ్డి వెనకాల తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

పెంచలరెడ్డి మొహంలో నవ్వు పోయింది. "అయిందా?" అన్నాడు. "అయ్యగారూ, ఇంక ముగించండి. ఈ స్థలం మా తాత మీకిచ్చింది. నా స్థలంలో నా మనిషిని దాచిపెట్టి నాతోనే ఆటలా? ఇప్పుడు ముగిస్తారా, రేపు ఈ తలుపుకి తాళం వెయ్యమంటారా?"

రెబెక్కమ్మ అయ్యగారినే చూస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి, కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"స్థలం మీదేనండీ," అన్నారు. "అందులో అనుమానం లేదు. ఆశీర్వాదం అయిందాకా వాడి జోలికి రామని మీ మనిషి అందరి ముందూ చెప్పాడు. మీ మాట అనే చెప్పాడు."

రెడ్డి వెనక్కి తిరిగాడు. "చెప్పినావా?"

"చెప్పినా," అన్నాడు హజరత్తయ్య.

"మీరు మాట తప్పుతారని ఈ ఊళ్ళో ఎవరూ అనుకోరు," అన్నారు అయ్యగారు. బైబిలు చంకలో పెట్టుకుని మెట్టు దిగారు. "స్థలం మీది గనక మీ స్థలం మేం వదిలిపెడతాం. ప్రార్థన మాత్రం ముగియలేదు. పాట ఎత్తుకోండమ్మా. నడుద్దాం. ఆశీర్వాదం బిట్రగుంట రైలు గేటు దగ్గర ఇస్తాను."

కాసేపటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమయింది మగ్దలీనమ్మకి. బొంగురు గొంతుతోనే పాట ఎత్తుకుంది. జనం లేచారు. చిన్నపోలయ్యని మధ్యలో పెట్టుకుని, ముందు అయ్యగారు, చుట్టూ ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. గుమ్మంలో పెంచలరెడ్డి నిలబడే ఉన్నాడు. అయ్యగారు అతని ఎదుట ఆగి, దారి కోసం ఎదురుచూస్తూ పాడుతూనే ఉన్నారు. పాట ఒక చరణం ముగిసి రెండో చరణంలోకి పోయింది. రెడ్డి పక్కకి జరిగాడు.

రెబెక్కమ్మ తన ముందునుంచి పోతుంటే అతను మెల్లగా, ఆమెకి మాత్రమే వినిపించేట్టు అన్నాడు. "పొద్దు గూకేటప్పటికి నా దిబ్బ మీద నీ గుడిసె ఉండదు మే."

ఆమె పాట ఆపలేదు. ఆపితే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

బిట్రగుంట దారి ఎండలో తెల్లగా మెరుస్తోంది. మైళ్ళ దూరం, ఎక్కడా నీడ లేదు. కాలికింద ఇసక కాలుతోంది. ఒక పాట అయిపోతుంటే ఇంకొకరు అందుకోవాలి. మధ్యలో నిశ్శబ్దం పడకూడదు. పడితే ప్రార్థన ముగిసిందనుకోవచ్చు. వెనక హజరత్తయ్య, అతని నలుగురు మనుషులు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు. కాలవ మీది చప్టా దగ్గర పాడే గొంతులన్నీ ఒక్కసారే ఎండిపోయాయి. అంతే, కాలవ నీళ్ళ చప్పుడు వినిపించింది. వెనకనుంచి ఒకడు ముందుకు దూకి చిన్నపోలయ్య భుజం పట్టుకున్నాడు. రెబెక్కమ్మ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. పాట ఏదీ గుర్తు రాలేదు. నోటికొచ్చిన రెండు మాటల్ని రాగం తీసి అరిచింది. అది పాటో, ఏడుపో ఆమెకే తెలియదు.

"వదలరా," అన్నాడు హజరత్తయ్య వెనకనుంచి.

"ఆపేసినారు గదన్నా?"

"చెవులు లేవా నీకు? పాడతా ఉండాది. వదులు."

వాడు వదిలాడు. మగ్దలీనమ్మ కాలవలో దోసెడు నీళ్ళు తాగి వచ్చి రాగం అందుకుంది. టీచరు అందుకుంది. గంగులయ్య పెదాలు కదులుతున్నాయి, గొంతు వినిపించడం లేదు.

రైలు కంచె కనిపించేసరికి ఎండ పడమటికి వాలింది. పాత రైలు పట్టాల ముక్కలు పాతి కట్టిన కంచె. దాని అవతల షెడ్డులో ఇంజన్ల పొగ. కంచె లోపలిది రైల్వే వాళ్ళ నేల, అక్కడ పోలీసులూ వాళ్ళవాళ్ళే, ఏ రెడ్డి మాటా చెల్లదు. గేటు దగ్గర రైలు మనిషి ఒకడు పచ్చజెండా చంకలో పెట్టుకుని, ఈ జనమేమిటా అని బిత్తరపోయి చూస్తున్నాడు.

"బొగ్గు పనికి వచ్చినా," అన్నాడు చిన్నపోలయ్య అతనితో. "రేపు రమ్మన్నారు. ఇయ్యాలే వచ్చినా."

"రా మరి. నువ్వు ఒక్కడివేనా, ఈళ్ళంతానా?"

చిన్నపోలయ్య తల్లి వైపు తిరిగాడు. ఆమె వాణ్ణి గేటు లోపలికి తోసింది. చెప్పుకోవడానికి చాలా మాటలున్నాయి, గుడిసె సంగతి కూడా ఉంది. ఏదీ చెప్పలేదు. చెబితే వాడు గేటు దాటి మళ్ళీ ఇవతలకి వస్తాడు.

వాడు పట్టాలు దాటి, షెడ్డు వైపు నడిచి, బొగ్గు గుట్ట వెనక కనిపించకుండా పోయేదాకా అయ్యగారు ఎదురుచూశారు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తారు. జనమంతా కళ్ళు మూసుకుని తలలు వంచారు. రెబెక్కమ్మ కళ్ళు మూసుకోలేదు. బొగ్గు గుట్ట వైపే చూస్తూ నిలబడింది. గంగులయ్య చేతులు కిందనే ఉన్నాయి.

ఆశీర్వాదం అయిపోయింది. హజరత్తయ్య గేటు దాకా వచ్చి, కంచె మీద చెయ్యి వేసి, లోపలికి చూశాడు. కంచె దాటలేదు.

"రెడ్డికి ఏం జెప్పాల మే నేను?" అన్నాడు.

"ప్రార్థన బాగా జరిగిందని చెప్పు," అంది రెబెక్కమ్మ.

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆమె అప్పటికే ఊరి వైపు తిరిగింది. ఈపాటికి గుడిసె మీది తాటాకు పీకేసి ఉంటారు. కుండలు దిబ్బ కిందికి దొర్లించి ఉంటారు. పగలనివి ఏవైనా ఉంటే చీకటి పడకముందే ఏరుకోవాలి. ఆమె చీర బిగించుకుని, అందరికంటే ముందు నడిచింది.